చెంబుచరిత్రము

అవతారిక

కావ్యనాయకుడు సద్వంశంలో పుట్టాలి, ధీరోదాత్తుడై ఉండాలి, పద్దెనిమిది వర్ణనలను తట్టుకొని నిలబడాలి. ఇది లాక్షణికుల శాసనం. మనువుకు ప్రబంధం దొరికింది, వసువుకు దొరికింది. మా ఇంటి స్టీలు చెంబు కోసం మాత్రం ఇంతవరకు ఎవరూ ఘంటం పట్టలేదు. పెండ్లి పెట్టుబడిలో జన్మించి, జాలాట్లో పెరిగి, మూతి మీద ఒక సొట్టను వీరుడి గాయంలా మోస్తూ, నెత్తిన పడేది ఎంత గొప్పవాడి నెత్తి అని చూడకుండా సమంగా ఒలికే ఈ మహానుభావుడి కన్న ధీరోదాత్తుడు ఎవరు? కాబట్టి ఈ లోటు తీర్చడానికి పూనుకున్నాను.

ముందుగా ఇష్టదేవతాస్తుతి. స్తంభంలోంచి వెలువడి, గుట్ట మీది గుహలో నిలిచిన యాదగిరి నర్సన్నకు దండం. ఆ వెంటనే, ఇనుప స్తంభంలోంచి వెలువడే నల్లా నీళ్లకు దండం. ఇద్దరూ పిలిస్తే వచ్చేవారే. రెండోవారు కరెంటు ఉన్నప్పుడు మాత్రమే వస్తారు.

తర్వాత పూర్వకవిస్తుతి. మడుగులోకి ఏనుగును దింపి, దాని కాలు మొసలికి పట్టించి, వెయ్యేండ్ల యుద్ధం నడిపిన బమ్మెర పోతనకు దండం. ఆయన మడుగులో ఏనుగు కాలికి మొసలి తగిలింది. మా కథలో పెదనాన్న మడమకు నాచు పట్టిన మెట్టు తగులుతుంది. ఆర్తనాదంలో పెద్ద తేడా ఉండదు.

ఇక కుకవినింద. కొప్పు చెదరకుండా నాలుగు చుక్కలు నుదుటికి అద్దుకొని, మూడు మునకలు వేసినట్టు వీడియో తీసుకొనేవారిని, నీళ్లలో నిలబడి వెనకున్నవాళ్లకు దారివ్వకుండా సెల్ఫీ కోణాలు వెతికేవారిని ఈ కావ్యం పట్టించుకోదు.

కృతిని అంకితమిచ్చే ముందు షష్ఠ్యంతాలు చెప్పాలి. ఎవరి పెండ్లిలో ఎవరు పెట్టారో తెలియకుండా చెక్కిన అక్షరాలు సగం అరిగినదానికి, మజ్జిగకూ మొక్కుకూ సమానంగా పనికొచ్చేదానికి, చీరకొంగులో చుట్టితే పసిపిల్లలా ఒదిగేదానికి, చింతపండు తగిలితే చంద్రబింబమయ్యేదానికి, నాయనమ్మ చేతిని ఎడబాయనిదానికి ఈ ఏకాశ్వాస ప్రబంధం అంకితం.

వంశవర్ణనం

సూర్యవంశానికీ చంద్రవంశానికీ తీసిపోని వంశం చెంబులది. మూలపురుషుడు బ్రహ్మ చేతిలోని కమండలం. మరో శాఖ అగస్త్యుడి కమండలం. అది ఒరిగితే కావేరి పుట్టింది. ఆ అగస్త్యుడు పుట్టిందే కుండలో. సముద్రాన్ని తాగిన మనిషిని కన్న వంశం ఇది. ద్రోణాచార్యుడూ ఈ ఇంటి బిడ్డే.

వంశంలో ఒక చేదు జ్ఞాపకమూ ఉంది. బలిచక్రవర్తి వామనుడికి మూడడుగుల నేల ధారపోయబోతుంటే, శుక్రాచార్యుడు దూరి నీళ్లు రాకుండా అడ్డుపడింది ఈ వంశపు పాత్ర ముక్కులోనే. వామనుడు దర్భతో పొడిచాడు, గురువుగారికి కన్ను పోయింది. అప్పటినుంచి చెంబులు ముక్కు అనే అవయవాన్నే త్యజించాయి. రాజకీయాలు దూరడానికి సందు ఇవ్వకూడదని ఆ వంశం చేసుకున్న తీర్మానం అది. మా చెంబుకు ఒక్క మూతే ఉంది. నిండితే అందులోనే, ఒలికితే అందులోంచే.

దగ్గరి చుట్టాలు గుట్ట మీదే కొలువు చేస్తున్నారు. ప్రతినెలా స్వాతి నక్షత్రం వచ్చిన రోజు స్వామికి అష్టోత్తర శతఘటాభిషేకం జరుగుతుంది. నూటఎనిమిది కలశాలు వరుసగా ఒలుకుతాయి. స్వాతి ఆయన జన్మనక్షత్రం కదా. ఆ విధంగా దేవుడు కూడా నెలకొకసారి చెంబులతోనే తానం చేస్తాడు. ఈ సంగతి పాఠకుడు మనసులో పెట్టుకోవాలి, ముందుముందు పనికొస్తుంది.

పురవర్ణనం

ప్రబంధంలో పురం ఉండాలి, పురం పక్కన నది ఉండాలి. నర్సన్నకు నదులు కొత్తగాదు. మట్టపల్లిలో కృష్ణ ఒడ్డునే కూర్చున్నాడు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లిలోనూ ఉన్నాడు. అక్కడ స్వామి ముఖానికి ఎదురుగా పెట్టిన దీపం ఆయన ఊపిరికి ఊగుతుందని, కింది దీపం కదలకుండా వెలుగుతుందని చెప్తారు. ఇంత నీటి సుఖం మరిగినాయన ఇక్కడికొచ్చేసరికి నది ఊసే ఎత్తలేదు. బండ చూశాడు, గుహ చూశాడు, దిగిపోయాడు. ఏం చేస్తాడు, ఋష్యశృంగుడి కొడుకు యాదర్షి తపస్సుకు కూర్చున్నది ఇక్కడ. భక్తుడు ఎక్కడ కూర్చుంటే స్వామి అక్కడికే రావాలి, నీటివసతి విచారించే హక్కు ఆయనకు లేదు. జ్వాల, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపాలు అయిదూ తీసుకొని వచ్చాడు. వెంట నదిని తేవడం మరిచాడు.

బ్రహ్మ ఆ లోటు కనిపెట్టాడని స్థలపురాణం. వచ్చిన అతిథి పాదాలు కడిగితే ఆ నీళ్లే విష్ణుపుష్కరిణి అయ్యాయట. అంటే ఈ గుట్ట మీద మొదటి జలవనరు కాళ్లు కడిగిన నీళ్లు, మొదటి నీటిపారుదల సాధనం బ్రహ్మగారి చెంబు.

దగ్గరలో అసలు నదే లేదా అంటే ఉంది. మూసీ. అనంతగిరి కొండల్లో స్ఫటికంలా పుట్టి, హైదరాబాదు మహానగరాన్ని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కడిగి, ఆ నురగతోనే వలిగొండ పొలాల పక్కనుంచి సాగిపోతుంది. అందరి మురికీ మోసుకొచ్చే ఆ తల్లిలో మునిగే ముందు, ఆమెకే ఎవరైనా తలంటు పోయాలి.

పట్నానికి అరవై కిలోమీటర్ల దూరంలో, 2016 దాకా నల్గొండ జిల్లాలో, ఆ తర్వాత యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న ఈ పురం 2022 మార్చి 28న మహాకుంభసంప్రోక్షణతో కొత్త ఒళ్లు తొడుక్కుంది. కృష్ణశిల స్తంభాలు, ఎటు చూసినా యాళులు, ఏనుగులు, నల్లరాతి ప్రాకారాలు. క్షేత్రం పేరు యాదాద్రి అయింది, మళ్లీ యాదగిరిగుట్ట అయింది. కండక్టరు మాత్రం రెండు కాలాల్లోనూ "గుట్ట, గుట్ట, గుట్ట" అనే అరిచాడు. కొత్త ఏర్పాటులో భక్తుల మునకల కోసం కొండ కింద, గండిచెరువు దగ్గర, లక్ష్మీపుష్కరిణి కట్టారు. కొండ మీద అయ్యవారి నీళ్లు, కొండ కింద అమ్మవారి నీళ్లు. చెంబు దండయాత్ర ఈ రెండో కోట మీదికే.

ప్రతినాయకవర్ణనం

రావణుడు లేకుంటే రాముడికి పని ఉండదు. నల్గొండ సీమలో చెంబుకు ఎదురు నిలిచినవాడి పేరు ఫ్లోరైడు. వాడికి పది తలలు లేవు, ఒక్క తలా లేదు. రంగు లేదు, వాసన లేదు. తేటగా, చల్లగా బోరులోంచి ఎక్కివచ్చి, చెంబులో దాక్కొని, నోటిగుండా ఎముకల్లో దూరేవాడు. మర్రిగూడ, మునుగోడు వైపు ఎందరి నడుములు వంచాడో, ఎందరి పళ్ల మీద మచ్చలు గీశాడో. వాడి మీదికి నాగపూరు నీరీ సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగు పౌడరుతో ఒక అస్త్రం కూర్చారు. లోకమంతా దాన్ని నల్గొండ పద్ధతి అంటుంది. అస్త్రానికి శత్రువు పీడించిన ఊరి పేరే పెట్టడం పురాణాల్లో కూడా కనబడదు.

కాబట్టి ఈ సీమలో చెంబెడు మంచినీళ్లు ఎదురొస్తే నాయనమ్మ తరంవాళ్లు ముందు కండ్లకద్దుకున్నారు, తర్వాత తాగారు. వానకు ఎదురుచూసే చెరువులు, అడుగంటే బావులు, బిందెల వరుసలు వాళ్లకు తెలుసు. నదీతీరాల వాళ్లు నీళ్లలో దిగి మునుగుతారు, పైకి తేలుతారు, ఎన్ని నీళ్లయ్యాయో లెక్కచూడరు. ఎగువ నేలవాళ్లకు తానమంటే లెక్క. నెత్తికొక చెంబు, ఒంటికి రెండు, కాళ్లకు అరచెంబు. ఆ కాళ్ల నీళ్లు కూడా తులసికోట దిక్కు పారాలి.

ఋతువు, సూర్యోదయం

కాలం కార్తికం. గుట్ట మీద సత్యనారాయణ వ్రతాలకు జాతర కట్టే మాసం. చలి తన చతురంగబలాలతో దిగింది. రథాలుగా మంచు, గజాలుగా గాలి, అశ్వాలుగా వణుకు, కాల్బలంగా రోమాంచం. రాయగిరి దాటేసరికే బస్సు అద్దాల మీద మంచు గుడారాలు వేసింది. మంకీటోపీలు శిరస్త్రాణాలయ్యాయి, శాలువాలు కవచాలయ్యాయి. "గుట్టకు పోయొస్తే సర్ది తగ్గుతది" అని బయలుదేరిన పెదనాన్న దారిపొడుగునా తుమ్ములతో శంఖం పూరించాడు.

అప్పుడు సూర్యుడు ఉదయించాడు. తూర్పుకొండ మీదనుంచి తొంగిచూసి, ఎదురుగా మరో సూర్యుడు ముందే వెలుగుతుంటే తికమకపడ్డాడు. అది గుడి మీది దివ్యవిమానం. యాభై అడుగుల పైచిలుకు ఎత్తు, 68 కిలోల బంగారం తాపడం, 2025 ఫిబ్రవరి 23న సంప్రోక్షణ. కొంతసేపు ఇద్దరు సూర్యులూ ఎవరిది అసలు వెలుగని తేల్చుకోలేక ఒకరి ముఖంలో ఒకరు చూసుకున్నారు. నాయనమ్మ ఇద్దరికీ కలిపి ఒకే దండం పెట్టింది. నీళ్లే కాదు, దండాలు కూడా ఆమె లెక్కగానే ఖర్చుపెడుతుంది.

సముద్రవర్ణనం

పద్దెనిమిది వర్ణనల్లో సముద్రం తప్పనిసరి. యాదగిరిగుట్టలో సముద్రమేమిటని విమర్శకులు నవ్వబోతారు. కొంచెం దూరంలోనే బస్వాపురం జలాశయం ఉంది. దానికి నృసింహసాగరం అని పేరు పెట్టారు, 11.39 టీఎంసీల సామర్థ్యంతో కట్టారు. స్వామికి సముద్రపు మామ కావాలంటే ఇంతకంటే దగ్గర సంబంధం దొరకదు. ఆ సాగరం కింద బి.ఎన్. తిమ్మాపూరు వాళ్ల ఇండ్లూ పొలాలూ పోయాయి. ఈ ప్రబంధంలో నవ్వు రాని వాక్యం ఇదొక్కటి. దీనికి అలంకారం తొడగను.

సాగరమన్నాక నది వచ్చి కలవాలి కదా. అక్కడే ఈ కాలపు అద్భుతం. భగీరథుడు గంగను ఆకాశంలోంచి కిందికి దింపాడు. కిందికి దింపడం ఎంతపని, నీళ్లకు ఆ అలవాటు పుట్టుకతోనే ఉంది. మనవాళ్లు గోదావరిని పైకి ఎక్కించారు. మేడిగడ్డ దగ్గర వంద మీటర్ల మట్టంలో ఉన్న నదిని మోటార్లతో మెట్టుమెట్టుగా మోసి, మల్లన్నసాగరం దగ్గర 557 మీటర్ల మట్టందాకా తెచ్చారు. 2019 జూన్ 21న ఎత్తిపోతలు ప్రారంభమయ్యాయి, 2022లో గుడి తెరిచే నాటికి గోదారి నీళ్లు గండిచెరువును చేరాయి. మరుసటి ఏడు అక్టోబరులో మేడిగడ్డ బరాజు పియర్లు కుంగి, తపస్సులో విఘ్నాలు దేవతలకేనా, ఇంజనీర్లకూ ఉంటాయని చాటాయి. భగీరథుడికి లేని కష్టం వీళ్లకు ఇంకొకటి ఉంది. ఆయనకు కరెంటు బిల్లు రాలేదు.

ఈ సందర్భంలో చెంబు తరఫున ఒక ఆటవెలది.

చెంబు చేతఁ బట్టి చేయి చాచిన యంత
నదియె లేని గుట్ట నదికి నెలవు
గంగ రాక మున్నె గౌతమి వచ్చెను
మోటరెక్కి, పైపు మూతి దాటి.

యుద్ధం, చంద్రోదయం

పుష్కరిణికి పోయేముందు కల్యాణకట్టలో యుద్ధపర్వం. మూడేండ్ల మేనల్లుడి పుట్టెంటికలు తీయాలి. సంప్రదాయం ప్రకారం యుద్ధభూమి మేనమామ ఒడి. అంటే నా ఒడి.

ఒక పక్క అరబ్లేడు బిగించిన కత్తి, నీళ్లు చిలకరించిన చేయి, వేల శిరస్సులను జయించిన చల్లని చూపు. మరో పక్క ఎనిమిది పాలపళ్లు బయటపెట్టి, రెండు పిడికిళ్లు బిగించి, కాళ్లతో గదాయుద్ధం చేస్తున్న వీరకిశోరం. "నాకొద్దు" అనే సింహనాదం కల్యాణకట్ట గోడలకు తగిలి మార్మోగింది. ఆ నాదానికి పక్కవరసలోని మరో నలుగురు వీరులు స్వపక్షమో పరపక్షమో తెలుసుకోకుండానే శ్రుతి కలిపారు. చెల్లెలు బిస్కెట్టుతో సామోపాయం పట్టింది. బావగారు సెల్ఫోనులో బొమ్మలు చూపించి దానోపాయం ప్రయోగించారు. "ఏడిస్తే కోతి ఎత్కపోతది" అని పెదనాన్న భేదం పలికాడు. నేను మోకాళ్ల మధ్య గట్టిగా బిగించి దండోపాయాన్ని అమలుచేశాను. నల్లని సేన కుచ్చులు కుచ్చులుగా నేలకొరిగింది. నా పంచె కుడిమడత ఎందుకో వెచ్చగా తడిసింది. అది కూడా ఒక జలక్రీడే అని తర్వాత సమాధానపడ్డాను.

అంతలో పున్నమి చంద్రోదయం. నల్లమబ్బు తొలగి గుండ్రంగా, తెల్లగా, లోకానికి ఆహ్లాదంగా గుండు ఉదయించింది. దాని మీద పూసిన గంధం చంద్రుడి మచ్చకు బదులు నిలిచింది. ఆ చంద్రుడు తనను తాను తడుముకొని, తనదేదో పోయిందని గ్రహించి, మరోసారి ఉగ్రనరసింహుడయ్యాడు.

జలక్రీడావర్ణనం

ప్రబంధాల్లో రాణులు దిగే సరస్సుల్లో తామరలు ఉంటాయి, హంసలు ఉంటాయి. లక్ష్మీపుష్కరిణిలో దిగిన వేళ మా ఎదుట షాంపూ పొట్లాల ముక్కలు తేలలేదంటే అది ఆ రోజు మైకులో అరుస్తున్నాయన పుణ్యం. "సబ్బులు వాడొద్దు, బట్టలు పిండొద్దు, సామాన్లు చూసుకోండి" అనే మంత్రం ఆపకుండా జపిస్తున్నాడు. మెట్ల మీద దండాలు, తువ్వాలలు, సంచులు, సంచులకు కావలి తాతలు.

ముందు పెదనాన్న దండు కదిలింది. కుడికాలి బొటనవేలు గూఢచారిగా నీళ్లలోకి పోయింది. క్షణంలో వెనక్కి వచ్చి, శత్రువు బలం అపారమని నివేదించింది. మిగతా నాలుగు వేళ్లూ సంధికి మొగ్గాయి. ఒడ్డు మీద మంత్రాంగం జరిగింది.

"ఏందిరా, గడ్డకట్టినట్టు నిలబడ్డవ్?" అంది నాయనమ్మ.

"నీళ్లు సల్లగున్నయే అమ్మా."

"సల్లగ గాక? నర్సన్న ఏమన్న బాయిలర్ వెట్టిండా నీకు? మూడు మునుగులు మునుగు, అదే ఉడుకైతది."

తల్లి మాట జవదాటని పెదనాన్న రెండో మెట్టుకు దిగాడు. అక్కడ నాచు కాచుకొని ఉంది. ఆయన ఆకాశాన్ని చూశాడు, ఆకాశం ఆయనను చూసింది. రెండు చేతులూ గాలిలో గరుత్మంతుడి రెక్కలయ్యాయి. "నర్సన్నా!" అనే మొర వెలువడుతుండగానే శరీరం సర్వాంగాలతో జలప్రవేశం చేసింది. అలలు ఎదుటి గట్టు దాకా పోయి, ముగ్గురి పంచెలు తడిపి తిరిగొచ్చాయి. మొసలీ లేదు, చక్రమూ రాలేదు. అయినా ఆయన నడుములోతు నీళ్లలో లేచి నిలబడి, అందరూ చూస్తున్నారని గమనించి, దిగాలనుకునే దిగినట్టు మరో రెండు మునకలు వేసి లెక్క సరిచేశాడు.

ఇక మా చంద్రుడి వంతు. నీళ్లు చూడగానే అతడు నా మెడను వానరుడు కొమ్మను పట్టినట్టు పట్టాడు. నాలుగు ఉపాయాలూ కల్యాణకట్టలోనే ఖర్చయ్యాయి. అప్పుడు నాయనమ్మ కొంగు ముడి విప్పింది. ఎర్రని కార్తికపు ఎండలో, మూతి సొట్టతో సహా, మన నాయకుడు ప్రవేశించాడు.

ఆమె వంగి చెంబు ముంచింది. లోపలి గాలి బుడగలుగా బయటికి పోయి, నీళ్లు గడగడమని నిండాయి. చెంబును రెండు చేతులా పట్టుకొని కండ్లు మూసింది. తానం చేసేటప్పుడు నదులను పిలిచే శ్లోకం ఒకటుంది. గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి అని ఏడుగురు అతిథులను ఈ నీళ్లలోకి రమ్మంటుంది. అందులో కృష్ణ పేరు లేదు. నల్గొండ, పాలమూరు జిల్లాలకు ఆధారమైన నదికి పిలుపు అందలేదు. నాయనమ్మ ఆ శ్లోకం పూర్తిచేసి ఊరుకోలేదు. "కృష్ణమ్మా నువ్వు గూడ రా తల్లీ. మూసమ్మా రా. ఆలేరు వాగు, బిక్కేరు, మా ఊరి చెరువు, అందరు రాండ్రి" అని చేర్చింది. పిలవని పేరంటానికి మన వాగులు రావని ఆమెకు తెలుసు, అందుకే పేరుపేరునా పిలిచింది.

అంతమంది నదులు ఒక్క చెంబులో ఎట్లా పట్టారని అడిగేవారు ఈ సీమ మనుషులను ఎరగనివారు. పట్నంలో ఒక్క గదిలో పదిమంది చుట్టాలను పడుకోబెట్టినవాళ్లం మేము. సర్దుకుంటే చెంబులో సింధువు పడుతుంది.

చెంబు ఒరిగింది. గుండు మీద పడ్డ ధార గంధాన్ని చీల్చుకొని, చెవుల వెనుకనుంచి రెండు పాయలై, బుగ్గల మీద కన్నీళ్లతో సంగమించి, గడ్డం దగ్గర జలపాతమైంది. ఏడుపు ఆగింది. అతడు నోరు తెరిచి, నాలుకతో ఒక చుక్క పట్టుకొని రుచిచూశాడు. "ఇంకొటి" అన్నాడు.

మెట్టు దిగనివాడిని, మునక ఒప్పుకోనివాడిని, మైకు మాట విననివాడిని, ఒక్క చెంబు జయించింది.

అశ్వమేధం

ఆ విజయం నలుగురి కంటబడింది. "అమ్మా, జర చెంబిస్తవా? మా పిలగాడు గూడ దిగుతలేడు" అని ఒకామె వచ్చింది. నాయనమ్మ క్షణం ఆలోచించింది. చెంబు ఇవ్వడమంటే గుర్రాన్ని వదలడమే. పట్టుకొన్న ప్రతి చేతిలోనూ అది నిలవచ్చు, తిరిగి రాకపోవచ్చు. "తీస్కపో బిడ్డ" అంది.

అప్పుడు మొదలైంది దిగ్విజయయాత్ర. చెంబు జనగామ కుటుంబం చేతికి పోయింది. అక్కడ మూడు గుండ్లను తడిపి సూర్యాపేట వారికి చిక్కింది. సూర్యాపేట పెద్దాయన మోకాళ్లు వంగక మెట్టు మీదే కూర్చుంటే, కోడలు నాలుగు చెంబులు పోసి ఆయనకు నదీస్నానం చేయించింది. అక్కడినుంచి పాలమూరు పెండ్లికూతురి పసుపు కాళ్లు కడిగింది. అటునుంచి షోలాపురం నుంచి వచ్చిన పద్మశాలీల గుంపులోకి దూకి, మరాఠీ కలిసిన తెలుగులో పొగడ్తలు అందుకొంది. ఎదురొచ్చిన ఎర్ర ప్లాస్టిక్ మగ్గులు దాన్ని చూసి తమ పిడులు దాచుకున్నాయి. మగ్గుకు పిడి ఉంది, గీతలున్నాయి, లీటరు కొలత ఉంది. బరువు మాత్రం లేదు. నీళ్లలో వదిలితే తేలి పక్కవాళ్ల బకెట్లో కాపురం పెడుతుంది. చెంబు మునుగుతుంది, అందుకే ఎవరైనా గట్టిగా పట్టుకుంటారు.

ఈలోగా మగవాళ్ల గట్టుకూ ఆడవాళ్ల గట్టుకూ మధ్య దూత్యం నడిచింది. హంస లేదు, చిలుక లేదు. పాలిథిన్ కవరులో చుట్టిన సెల్ఫోను ఉంది. "ఏడున్నవ్?" "ఈడనే." "ఈడనే అంటే ఏడ?" "నువ్వున్న కాడ కాదు." దమయంతికి నలుడి జాడ ఇంతకంటే తేలిగ్గా తెలిసింది. వియోగవర్ణన పెదనాన్న ఎడమచెప్పుకు దక్కింది. కుడిదాన్ని గట్టు మీద ఒంటరిగా వదిలి ఎటో వెళ్లిపోయిన దాని గురించి రెండు పద్యాలకు మించి రాయడం అనవసరం. గొప్పింటి చెప్పు కాదు.

ఆంజనేయుడు ఈ క్షేత్రానికి పాలకుడు గనుక ఆయన సైన్యం సంగతి చెప్పకపోతే అపచారం. కొబ్బరికాయల సంచిని గట్టు మీద పెట్టి తల తుడుచుకొనే లోపల, ఒక వానరసేనాని వచ్చి సంచి వాసన చూసి, కొబ్బరికాయ తనకు పగలదని తెలుసుకొని, అరటిపండ్లు మాత్రం కప్పం కింద వసూలుచేసుకొని పోయాడు. రసీదు ఇవ్వలేదు.

నాయకాభ్యుదయం

పొడిబట్టలు కట్టుకొని, నామాలు దిద్దుకొని, కొండెక్కే బస్సు కోసం అందరూ సిద్ధమయ్యారు. చెంబు రాలేదు. చెల్లెలు ఫోను తీసింది. చెంబుకు ఫోను లేదని గుర్తొచ్చి పెట్టేసింది. "పోతే పోయింది, ఇంకోటి కొందాం" అన్నారు బావగారు. నాయనమ్మ ఆయన దిక్కు చూసిన చూపుకు రథచక్రాలు ఆగిపోయేవి.

"నీళ్లు పోసే చెంబు, ఎవరన్న దాస్కుంటరా?" అని మెట్టు మీద కూర్చుంది.

కూర్చొని పుష్కరిణి వంక చూస్తూ, పెదనాన్న అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పింది. ఈ నీళ్లు బోరు నీళ్లా, చెరువు నీళ్లా, గోదారియా అని ఆయనకు సందేహం. నీళ్లు గోదారివైతేనే పుణ్యమని ఎవరో అన్నారట.

"నది ఉన్నోళ్లకు నది పుణ్యం. మనకు నీళ్లు దొరుకుడే పుణ్యం," అంది నాయనమ్మ. "మండలం మండలం గుట్ట మీద ఉండి, తడిబట్టలతోని ప్రదక్షిణలు చేసినోళ్లు రోగాలు పోగొట్టుకున్నరు. వాళ్లు ఏ నదిల మునిగిండ్రు? ఫాల్గుణంల స్వామి చక్రస్నానం గూడ మీద పుష్కరిణిలనే గద. ఆయనకు సాలింది, నీకు సాలదా?"

ప్రబంధం మొదట్లో పాఠకుడిని మనసులో పెట్టుకొమ్మన్న నూటఎనిమిది కలశాల మాట ఇప్పుడు ఇక్కడికి చేరింది. స్వామి నదులున్నచోట నదుల పక్కన కూర్చున్నాడు, లేనిచోట కలశాలకు తల వంచాడు. నీళ్లకు ఎదురుచూసిన నేల మీద దేవుడు కూడా చెంబు లెక్కకే ఒదిగాడు. ఇంతకన్న ఆ జాతికి పరువేముంటుంది?

అప్పుడు వచ్చింది చెంబు. ఒట్టిగా రాలేదు. మెడకు పసుపుదారం, నుదుట కుంకుమ, మూతిలో నాలుగు మామిడాకులు, మీద సగం విరిసిన బంతిపువ్వు. పట్టుచీరలో ఒక కొత్తకోడలు రెండు చేతులా పట్టుకొని నిలబడింది. పుష్కరిణి గట్టున దీపాలు వదిలేటప్పుడు వాళ్ల అత్తగారికి కలశం కావాల్సి వచ్చిందట, పక్కవాళ్లను అడిగితే ఇది దొరికిందట.

"తప్పైతే క్షమించుండ్రి పెద్దమ్మా. అడగకుండ పూజకు పెట్టినం."

"తప్పేముందమ్మా," అంది నాయనమ్మ చెంబును అందుకొంటూ. "తానానికి తెచ్చినం. దేవుడైంది."

కొండెక్కే బస్సులో ఆ చెంబుకు ఒక సీటు ప్రత్యేకంగా కేటాయించారు. పెదనాన్న నిలబడ్డాడు. ఎడమకాలికి చెప్పు లేకపోవడం వల్ల ఆ పట్టాభిషేకానికి కొంచెం ఒరిగి నిలబడ్డాడు.

ఫలశ్రుతి

ఇది శ్రీ యాదగిరి నృసింహ కరుణాకటాక్ష లబ్ధ లడ్డూప్రసాద వైభవుండును, మేనల్లుని ముండన సమర జలార్ద్ర వస్త్రుండును, సంచుల కావలి ధురంధరుండును అగు మేనమామచే విరచితంబైన చెంబుచరిత్రంబను ప్రబంధంబున సర్వంబును ఏకాశ్వాసము.

దీనిని కార్తికమాసంలో చదివినవారి తువ్వాల తొందరగా ఆరును. విన్నవారికి నాచు మెట్లు ముందే కనబడును. పదిమంది నడుమ వినిపించినవారికి ప్రసాదం కౌంటరు దగ్గర చిల్లర దొరుకును. ఏ నదికీ పోలేక ఇంటి జాలాట్లో చెంబెడు నీళ్లు నెత్తిన పోసుకొనేవారు ఆ నీళ్లకు తమ ఊరి వాగు పేరు కూడా కలుపుకొన్నచో, వాగుకు ఆ సంవత్సరం వరద వచ్చును. చెంబు అరువిచ్చినవారికి చెంబు తిరిగి వచ్చును. మగ్గు అరువిచ్చినవారికి నర్సన్నే దిక్కు.